పన్నెండు చిత్రాల పరీక్ష

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక వస్తువును పరీక్షించేటప్పుడు దాని లోపం ఏదో, దాని స్వభావం ఏదో వేరుచేసి చూడటం అవసరం. ఈ విచక్షణ లేనివాడు మంచి పరికరాన్ని నిందిస్తాడు, చెడ్డ పరికరాన్ని మెచ్చుకుంటాడు. పాతకాలపు మత్స్యనేత్ర కటకాన్ని ఫిల్ము కెమెరాపై పరీక్షించే విధానం ద్వారా శాస్త్రీయ దృష్టి ఎలా ఉండాలో తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

నీటి అడుగున నిశ్చలంగా ఉన్న చేప తల పైకెత్తి చూస్తే, దానికి గట్టున ఉన్న లోకం ఎలా కనిపిస్తుంది? ఈ ప్రశ్న కవులకు తోచదగినది. అయితే దీనికి సమాధానం వెదికినవాడు ఒక భౌతిక శాస్త్రవేత్త. అమెరికాకు చెందిన రాబర్ట్ విలియమ్స్ వుడ్ నీటితో నింపిన పాత్రలో ఛాయాచిత్ర ఫలకాన్ని అమర్చి, సూదిబెజ్జం గుండా వెలుతురు పడేటట్లు చేసి, చేప చూసే దృశ్యాన్ని చిత్రంగా బంధించాడు. 1906లో ఆయన ఈ విషయాన్ని ఒక వ్యాసంలో వివరిస్తూ దానికి ‘చేప కంటి చూపు’ అని పేరు పెట్టాడు. గాలిలో నుండి నీటిలోకి ప్రవేశించే కాంతి కిరణం లోపలికి వంగుతుంది. అందువల్ల నీటిపై 180 డిగ్రీల మేర పరచుకొని ఉన్న సమస్త దృశ్యం, నీటిలోని కంటికి సుమారు 97 డిగ్రీల వృత్తంలోకి కుదించుకొని కనిపిస్తుంది. చెట్లు, గట్టు, ఆకాశం అన్నీ ఆ గుండ్రని కిటికీలోనే ఇమిడిపోతాయి.

నీటి పాత్రను మోసుకొని తిరగడం సాధ్యం కాదు. కనుక తరువాతివారు నీటికి బదులు గాజును ఆశ్రయించారు. 1922లో బాండ్ అనే శాస్త్రజ్ఞుడు అర్ధగోళాకారపు గాజు కటకంతో మేఘాలను చిత్రించే మార్గాన్ని సూచించాడు. 1924లో ఇంగ్లాండుకు చెందిన రాబిన్ హిల్ దానిని మెరుగుపరచి, ఆకాశాన్నంతా ఒకే వృత్తంలో చూపగల కటకాన్ని రూపొందించాడు. కిరణజన్య సంయోగక్రియలో ‘హిల్ చర్య’ను గురించి చదివిన విద్యార్థులకు ఈ పేరు కొత్తది కాదు. ఆకుపచ్చని ఆకులలో వెలుతురు చేసే పనిని శోధించిన ఆ మేధావియే అంతకుముందు ఆకాశపు వెలుతురును పట్టే కటకాన్ని కూడా నిర్మించాడు. ఈ విధంగా మత్స్యనేత్ర కటకం వినోదం కోసం కాక, వాతావరణ పరిశీలన కోసం పుట్టింది. ఛాయాచిత్రకళలోకి అది ప్రవేశించినది ఆ తరువాతనే.

ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో 1764లో స్థాపించిన ఆర్సెనల్ అనే ప్రసిద్ధ కర్మాగారం ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అక్కడ కెమెరాల నిర్మాణం మొదలయింది. సోవియట్ కాలంలో ఆ కర్మాగారం ‘జోడియాక్-8’ అనే మత్స్యనేత్ర కటకాన్ని తయారుచేసింది. దాని నాభ్యంతరం 30 మిల్లీమీటర్లు. దాని గరిష్ఠ అపెర్చరు సంఖ్య 3.5. 1984 నుండి తయారైన కీవ్-60 వంటి మీడియం ఫార్మాట్ కెమెరాలకు అది అమరుతుంది. ఈ కెమెరాలో వాడే 120 రకపు ఫిల్ముపై దాదాపు 56 మిల్లీమీటర్ల చతురస్రాకార చిత్రాలు పన్నెండు మాత్రమే వస్తాయి. సాధారణ 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై ఏర్పడే చిత్రం కంటే దీని వైశాల్యం మూడున్నర రెట్లకు పైగా ఉంటుంది. అందుచేత గడ్డిపోచ, ఇటుక సందు వంటి సూక్ష్మ వివరాలు కూడా అందులో నిలుస్తాయి.

ఆ కర్మాగారం ఇప్పుడు కెమెరాలు తయారుచేయడం లేదు. కనుక నేడు ఈ కటకం ఎవరి చేతికి వచ్చినా, అనేక చేతులు మారి వచ్చినదే అయి ఉంటుంది. దానికి హామీ పత్రం లేదు. మరమ్మతు చేసేవారు అరుదు. ఫిల్ముకు, దానిని కడిగించడానికి అయ్యే వ్యయం తక్కువేమీ కాదు. ఇటువంటి స్థితిలో జరిగే పరీక్ష ఒక న్యాయ విచారణ వంటిది. తీర్పు తప్పయితే, ఇంకొక తరానికి ఉపకరించవలసిన వస్తువు అటక ఎక్కుతుంది. పనికిరాని వస్తువు మరొకరిని మోసగించడానికి అంగడికి చేరుతుంది. పరీక్షకుడు తొందరపడకూడదనడానికి ఇదే కారణం.

పరీక్షలో మొదటి అంకానికి ఫిల్ముతో పనిలేదు. ముందు భాగంలోని గాజు బుడగవలె ఉబికి ఉంటుంది. దానిపై గీతలు ఉన్నాయేమో పగటి వెలుతురులో చూడాలి. తరువాత అపెర్చరును పూర్తిగా తెరచి, వెనుక నుండి చిన్న టార్చి వెలుతురు ప్రసరింపజేయాలి. సాలెగూడు పోగుల వంటివి కనిపిస్తే అది బూజు. పలుచని పొగమంచువలె కనిపిస్తే లోపలి గాజుపై మసక పేరుకున్నదని అర్థం. రెండు మూడు ధూళి కణాలు కనిపించినంత మాత్రాన దిగులు చెందనక్కరలేదు. అవి చిత్రాన్ని పాడుచేయవు. అపెర్చరు రేకులపై నూనె చేరితే అవి బద్ధకంగా కదులుతాయి. అప్పుడు వెలుతురు కావలసిన దానికంటే ఎక్కువ పడుతుంది. ఫోకస్ వలయం తిరగడానికి మొరాయిస్తే, ఏళ్ల తరబడి లోపల ఉన్న గ్రీజు గట్టిపడినదని గ్రహించాలి.

రెండవ అంకం ఎక్కువమంది పొరపడే చోటు. సామాన్య కటకాలకు ఫిల్టరును ముందు భాగంలో బిగిస్తారు. మత్స్యనేత్ర కటకం ముందు ఏది ఉంచినా అది చిత్రంలో కనిపిస్తుంది. అందుచేత జోడియాక్-8కు ఫిల్టరును వెనుక భాగంలో అమర్చారు. ఆ గాజు బిళ్ల కేవలం అలంకారం కాదు. కటకపు గణనలో అదీ ఒక భాగమే. రంగు ఫిల్టరు అవసరం లేనప్పుడు కూడా తెల్లని ఫిల్టరు అక్కడ ఉండి తీరాలి. చేతులు మారిన కటకాలలో తరచుగా పోయేది ఈ చిన్న బిళ్లయే.

అది లేకపోతే ఏమవుతుంది? సమతలమైన గాజు పలక, కాంతి కేంద్రీకరించే స్థానాన్ని తన మందంలో సుమారు మూడవ వంతు వెనుకకు జరుపుతుంది. ఆ గాజు మందం 2 మిల్లీమీటర్లు అనుకుంటే ఈ జరుగుబాటు దాదాపు 0.67 మిల్లీమీటరు. గాజు తొలగిపోతే బింబం ఫిల్ము కంటే అంత ముందుగా ఏర్పడుతుంది. 30 మిల్లీమీటర్ల కటకానికి ఇది స్వల్పమైన దూరం కాదు. లెక్కవేస్తే, వలయాన్ని ‘అనంతం’ గుర్తు వద్ద నిలిపినా కటకం దాదాపు 1.3 మీటర్ల దూరంలోని వస్తువుపైనే ఫోకస్ అవుతుంది. దూరపు కొండలు, భవనాలు ఎప్పటికీ స్పష్టం కావు. ఇది తెలియనివాడు “ఈ కటకమే ఇంత” అని తీర్పు చెబుతాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇటువంటి సందర్భానికే తగినది.

దీనిని తెలుసుకోవడానికి ఒక సులభోపాయం ఉన్నది. అపెర్చరును పూర్తిగా తెరచి, వ్యూఫైండరులో దూరపు గోపురాన్నో, స్తంభాన్నో చూస్తూ వలయాన్ని తిప్పాలి. చివరి వరకు తిప్పినా దృశ్యం తేటపడకపోతే మొదట ఫిల్టరు ఉన్నదో లేదో చూడాలి.

మూడవ అంకంలో ఫిల్ము ప్రవేశిస్తుంది. ఉన్నవి పన్నెండు చిత్రాలే కనుక ప్రతిదానికి ముందే ఒక పని నిర్ణయించి, పుస్తకంలో వ్రాసుకోవాలి. కెమెరాను స్టాండుపై నిలిపి, ఒకే దృశ్యాన్ని 3.5, 5.6, 8, 16 అపెర్చరు సంఖ్యల వద్ద నాలుగుసార్లు తీయాలి. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చడం పరీక్షకు ప్రాణం. మధ్యాహ్నపు ఎండలో 100 వేగం గల ఫిల్ముతో 3.5 వద్ద తీయాలంటే సెకనులో వెయ్యవ వంతు కూడా ఎక్కువే అవుతుంది. కీవ్-60 షట్టరు అంతకంటే వేగంగా కదలదు. కాబట్టి ఉదయపు నీడవెలుతురును ఎంచుకోవడం మేలు. ఐదవ చిత్రం ముప్పై సెంటీమీటర్ల దూరంలోని వస్తువుకు. ఆరు, ఏడు చిత్రాలు దిగంతరేఖకు. ఎనిమిదవది చట్రంలో సూర్యుడు ఉండగా కలిగే అంతర్గత ప్రతిబింబాలను చూడటానికి. తొమ్మిదవది చెట్ల కింద నిలిచి నిట్టనిలువుగా పైకి చూడటానికి కేటాయించవచ్చు. పదవ చిత్రంలో ఒక మనిషిని మధ్యలోను, మరొకరిని అంచున నిలిపి భేదాన్ని పరిశీలించాలి. పదకొండవదానిలో వెలుతురు ఒక మెట్టు ఎక్కువ ఇవ్వాలి. ఎందుకంటే చట్రంలో ఆకాశం అధికంగా ఉన్నప్పుడు వెలుతురు మాపకం మోసపోతుంది. చిత్రం తీసేవాని పాదాలు, స్టాండు కాళ్లు చట్రంలోకి రాకుండా జాగ్రత్తపడటం మరచిపోరాదు.

పన్నెండవ చిత్రం అన్నిటికంటే ముఖ్యమైనది. దానిని మత్స్యనేత్ర కటకంతో తీయరాదు. అదే కెమెరాకు 80 మిల్లీమీటర్ల సామాన్య కటకాన్ని అమర్చి, మొదటి దృశ్యాన్నే దాదాపు అదే అపెర్చరుతో తీయాలి. విచారణలో అది సాక్షి.

ఫిల్ము కడిగిన తరువాత నెగెటివులను వెలుతురు బల్లపై పరచి, భూతద్దంతో చూడాలి. మొదటి చిత్రంలో ఎడమ అంచు మసకగా ఉన్నదనుకొందాం. నింద వెంటనే పాత కటకం మీదకు పోతుంది. కాని పన్నెండవ చిత్రంలో కూడా అదే అంచు మసకగా ఉంటే? అప్పుడు తప్పు కటకానిది కాదు. ఫిల్ము కెమెరాలో చదునుగా నిలవలేదన్నమాట. సాక్షి చిత్రం స్పష్టంగా ఉండి, మత్స్యనేత్ర చిత్రం మాత్రమే ఒకవైపు మసకబారితే కటకపు గాజులు సరిగా కూర్చోలేదని అనుమానించవచ్చు. చిత్రాలు ఒకదానిపై ఒకటి ఎక్కితే అది ఫిల్మును తిప్పే యంత్రాంగపు దోషం. వ్యూఫైండరులో తేటగా కనిపించిన దృశ్యం అన్ని చిత్రాలలోను మసకగా వస్తే, ఫోకస్ చూపే గాజు పలక స్థానం తప్పిందని భావించాలి. మూల ఒక్కటే, దోషి వేరు. ఇదే పరీక్ష నేర్పే పాఠం.

ఇక మిగిలినది వక్రత. ఆరవ చిత్రంలో దిగంతరేఖ చట్రం మధ్య నుండి పోయింది కనుక నిటారుగానే ఉంటుంది. ఏడవ చిత్రంలో కెమెరాను కిందికి వంచితే ఆ రేఖ చట్రం పైభాగానికి చేరి, వంతెనవలె పైకి ఉబుకుతుంది. కెమెరాను పైకెత్తితే గిన్నెవలె కిందికి దిగుతుంది. భవనాల గోడలు అంచులలో విల్లువలె వంగుతాయి. ఇది లోపమా? కాదు. సరళరేఖలను సరళరేఖలుగానే చూపే కటకంలో, కోణం పెరిగేకొద్దీ బింబం కేంద్రం నుండి అతివేగంగా దూరమవుతుంది. 90 డిగ్రీల వద్ద అది అనంత దూరంలో పడవలసి వస్తుంది. అంతటి ఫిల్ము లోకంలో లేదు. కర్ణం వెంట సుమారు 180 డిగ్రీల దృశ్యాన్ని అరచేతిలో ఇమిడే చతురస్రంలో నింపాలంటే రేఖలు వంగక తప్పదు. ఆ వంపు కటకం చెల్లించే మూల్యం. అదే దాని ధర్మం. కేంద్రం గుండా పోయే రేఖ మాత్రం ఎన్నడూ వంగదు.

పాత వస్తువులను చూసి “దీనికి కాలం చెల్లింది” అనడం సులభం. కొత్త వస్తువులను చూసి మురిసిపోవడమూ సులభమే. పన్నెండు చిత్రాలతో, ఒక చిన్న పుస్తకంతో, ఓపికతో నిజాన్ని నిర్ణయించడం కష్టం. వస్తువును దాని ధర్మాన్ని బట్టి అంచనా వేయాలి. దోషాన్ని అది పుట్టిన చోటనే వెదకాలి. ఈ నియమం కటకాలకే కాదు, మనుషులకు కూడా వర్తిస్తుంది.

అర్థాలు

మత్స్యనేత్రం = చేప కన్ను
కటకం = లెన్సు
నాభ్యంతరం = కటకానికి, దాని నాభికి మధ్య దూరం
దిగంతరేఖ = నేల, ఆకాశం కలిసినట్లు కనిపించే గీత
కర్ణం = చతురస్రంలో ఎదురెదురు మూలలను కలిపే రేఖ
వక్రత = వంపు
విచక్షణ = మంచిచెడులను వేరుచేసే జ్ఞానం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పాత కటకాన్ని పరీక్షించడం న్యాయ విచారణ వంటిదని ఎందుకు చెప్పారో వివరించండి.
2. పన్నెండు చిత్రాల ప్రణాళికను తెలిపి, చివరి చిత్రం ప్రాధాన్యాన్ని సమర్థించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. వెనుక ఫిల్టరు లేకపోతే దూరపు దృశ్యాలు ఎందుకు స్పష్టం కావు?
2. మత్స్యనేత్ర చిత్రంలోని వక్రత లోపం కాదని ఎలా చెప్పగలరు?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘చేప కంటి చూపు’ అని పేరు పెట్టినది ఎవరు?
2. చట్రంలో ఎన్నడూ వంగని రేఖ ఏది?

IV. వ్యాకరణం
అర్ధగోళాకారం = అర్ధగోళ + ఆకారం – సవర్ణదీర్ఘ సంధి
సులభోపాయం = సులభ + ఉపాయం – గుణ సంధి
న్యాయ విచారణ = న్యాయం కొరకు విచారణ – చతుర్థీ తత్పురుష సమాసం
మత్స్యనేత్రం = మత్స్యము యొక్క నేత్రం – షష్ఠీ తత్పురుష సమాసం