డూన్ లోయ: శిలాసంపద, జలసంపద

ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని డెహ్రాడూన్ నగరం రెండు పర్వతపంక్తుల నడుమనున్న విశాలమైన లోయలో నెలకొని ఉన్నది. ఈ లోయకు దక్షిణాన శివాలిక్ కొండలు, ఉత్తరాన ముస్సోరీ శ్రేణి ఎల్లలు; తూర్పున గంగానది, పడమట యమునానది ప్రవహిస్తున్నాయి.

సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం భారత భూఫలకం ఆసియా ఫలకాన్ని ఢీకొనగా, నడుమనున్న టెథిస్ సముద్రం అంతరించి హిమాలయాల ఆవిర్భావానికి నాంది పలికింది. ఆ ఒత్తిడి నేటికీ ఆగలేదు. హిమాలయాల నుండి నదులు మోసుకొని వచ్చిన ఇసుక, గులకరాళ్లు పేరుకొని గట్టిపడగా శివాలిక్ కొండలు ఏర్పడ్డాయి. ముస్సోరీ శ్రేణి శిలలు అంతకంటె ఎంతో ప్రాచీనమైనవి. అయినను భూఫలకాల ఒత్తిడి వలన ఆ పాత శిలలే కొత్త శిలలపైకి నెట్టబడినవి. ఇట్టి తావులలో రాతిపొరలు నలిగి, పగుళ్లువారి ఉండుట సహజం.

ముస్సోరీ శ్రేణిలోని సున్నపురాయి 54 కోట్ల సంవత్సరాలకు పూర్వం లోతు తక్కువైన సముద్రంలో ఏర్పడినది. మిక్కిలి స్వచ్ఛమైనది కావడంతో ఉక్కు, చక్కెర, రసాయన పరిశ్రమలు దీనిని కోరుకున్నాయి. అయితే ఈ రాయి నిర్వహించే మరొక కార్యం కలదు. వర్షజలం దాని పగుళ్లగుండా లోనికి ఇంకి, రాతిని కొద్దికొద్దిగా కరగిస్తూ దారులు ఏర్పరచుకుంటుంది. మన బెలుం గుహలు కూడ ఇట్లే సున్నపురాతిని నీరు కరగించగా ఏర్పడినవే. కొండ గర్భంలో నిలిచిన ఆ నీరు వేసవిలోను ఊటలుగా వెలువడి గ్రామాల దాహాన్ని తీరుస్తుంది.

గనుల త్రవ్వకంతో ఈ ఏర్పాటు చెదరింది. రాయితోపాటు నీటిని నిలుపుకొనే పొరలు తరలిపోయినవి, అడవి నశించినది, గనుల మట్టి జారి వాగులను పూడ్చివేసినది, ఊటలు క్షీణించినవి.

డెహ్రాడూన్‌కు చెందిన ఒక స్వచ్ఛంద సంస్థ 1983లో వ్రాసిన లేఖను సుప్రీంకోర్టు వ్యాజ్యంగా స్వీకరించింది. నిపుణుల సంఘాలచే పరిశీలన జరిపించి, 1985 మార్చి 12న అనేక గనుల మూసివేతకు ఆదేశించింది. ఉపాధి కోల్పోయే కార్మికులకు వనీకరణ, భూసంరక్షణ పనులలో వీలైనంతవరకు అవకాశం కల్పించాలని సూచించింది. 1988 నాటి తీర్పులో మూడు గనులు మాత్రమే మినహాయింపు పొందాయి. ప్రాదేశిక సైన్యానికి చెందిన పర్యావరణ దళం బీడువారిన ముస్సోరీ కొండలపై లక్షలాది మొక్కలు నాటింది.

ఖనిజాన్ని ఎంత త్రవ్వవచ్చునన్న ప్రశ్నతోపాటు, అది ఉన్నచోటనే ఉండి ఏ మేలు చేస్తున్నదన్న ప్రశ్నను కూడ పరిశీలించవలెనని డూన్ లోయ అనుభవం తెలుపుతున్నది. త్రవ్విన రాయి ఒక్కమారు ఉపయోగపడుతుంది. కొండలో నిలిచిన రాయి ఏటేటా నీటిని ఇస్తుంది.