సూర్యద్వీపం యాత్రకు వెళ్ళే పిల్లలకు

బొలీవియా వైపు టిటికాకా సరస్సులో, 3,800 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది సూర్యద్వీపం. వెళ్ళొచ్చాక నాకు తెలిసివచ్చినవి రాస్తున్నాను.

1. యుమాని రేవులో దిగగానే నిలువునా మెట్లు. తొందరపడొద్దు, ఆ ఎత్తులో ఊపిరి అందదు.

2. గోపురం కోసం వెతక్కండి. ఉత్తరపు కొసన ఉన్న టిటి కాలా అనే బండే అక్కడి దైవం. చీకటి లోకంలోకి సూర్యుడు ఈ బండ నుంచే వచ్చాడని, స్పానిష్‌వాళ్ళకు ముందు ఇక్కడ ఏలిన ఇంకాల నమ్మకం. ఒకప్పుడు దానికి బంగారు రేకులూ మేలిమి వస్త్రాలూ కప్పేవారని స్పానిష్ మతగురువు బెర్నబె కోబో 1653లో రాశాడు. సామాన్య యాత్రికులు బండ దాకా వెళ్ళేవారు కాదు. చెప్పులు విడిచి, ఒక్కో ద్వారం దాటి, చివరి ద్వారం దగ్గర కానుకలు పూజారుల చేతికిచ్చి, అక్కణ్ణుంచే మొక్కి తిరిగొచ్చేవారు. గర్భగుడి గడప ఇవతలే ఆగే మనకు ఆ భక్తి ఇట్టే అర్థమవుతుంది.

3. ఈ పవిత్రత ఇంకాలతో మొదలు కాలేదు. ద్వీపం పక్కన నీటిలో మునిగి ఉన్న కోవా రాతిదిబ్బ దగ్గర పరిశోధకులు మునిగి వెతికితే, తివనాకు అనే పాత నాగరికత కాలపు నైవేద్యాలు దొరికాయి. ఆ వివరాలు 2019లో వెలువడ్డాయి. అవి క్రీ.శ. 8-10 శతాబ్దాలవి, అంటే ఇంకాలు రావడానికి వందల ఏళ్ళ ముందువి. పూమా రూపపు ధూపపాత్రలు, బంగారు తునకలు, బలి ఇచ్చిన లామా పిల్లల ఎముకలు, స్పాండిలస్ గవ్వలు! ఆ గవ్వలు పుట్టేది ఎక్కడో ఈక్వడార్ వైపు వెచ్చటి సముద్రంలో. అంత దూరం నుంచి కొండలెక్కించి తెచ్చి, మళ్ళీ కళ్ళబడకుండా నీటికి అర్పించేశారు. అక్కడ నాకు మాట రాలేదు.

4. పాలకులు మారితే మొక్కులు ఆగిపోవు. ఇంకాలు స్థానికుల్ని తరలించి వేరేవాళ్ళను తెచ్చి పెట్టారు. స్పానిష్‌వాళ్ళు వచ్చాక, ఇంకా వంశీకుడు ఫ్రాన్సిస్కో టిటో యుపాంకి చెక్కిన మేరీమాత విగ్రహం 1583లో ఎదురుగా ఉన్న కోపకబానా చేరింది. జనం ఇప్పటికీ అక్కడికి కదిలి వస్తూనే ఉన్నారు.

5. అన్నిటికన్నా ముఖ్యం, అది శిథిలాల ప్రదర్శనశాల కాదు. ఐమారా కుటుంబాలు మెట్లచేలల్లో బంగాళాదుంపలు పండించుకునే ఊళ్ళవి. తాగేముందు భూమాత పచమామకు నాలుగు చుక్కలు వదులుతారు. జూన్ 21 తెల్లవారుజామున కొత్త ఏడాది సూర్యుడికి అరచేతులు చాచి నిలబడతారు. పర్యాటకుల రాబడి మీద ఊళ్ళ మధ్య తగవు ముదిరి 2017లో ఉత్తర భాగాన్ని మూసేశారు. దాన్ని విడ్డూరంగా చూడొద్దు, ఆ నేల వాళ్ళది. ఊరివాళ్ళు అడిగిన రుసుము బేరమాడకుండా ఇవ్వండి, పూజ జరుగుతుంటే ఫోటోకు ముందు అనుమతి అడగండి, వద్దంటే కెమెరా సంచిలో పెట్టేయండి.