శ్రుతి పట్టిన తిత్తి

విజయనగరానికి చేరువలో, నెల్లిమర్ల మండలంలో ఉన్న రామతీర్థం ఉత్తరాంధ్ర ప్రజలకు చిరపరిచితమైన పుణ్యక్షేత్రం. కొండలపై బౌద్ధ, జైన శిథిలాలు, దిగువన రామాలయం, శివరాత్రి నాటి జాతర ఆ ఊరికి పేరు తెచ్చాయి. ఇటువంటి క్షేత్రాలలో స్వామి పల్లకి ఎక్కినా, కల్యాణపీఠం మీద కొలువుతీరినా ముందుగా వినిపించేది సన్నాయి మేళమే. ఆ మేళంలో సంప్రదాయం ప్రకారం ఒక వ్యక్తి ఉంటాడు. అతనివైపు ఎవరూ చూడరు. సన్నాయిని పోలిన గొట్టాన్ని నోట పెట్టుకొని, వాద్యం మొదలైనప్పటి నుండి ముగిసేవరకు అతడు ఒకే స్వరాన్ని ఊదుతూ ఉంటాడు. ఆ వాద్యానికి ఒత్తు అని పేరు. బుగ్గలలో నింపుకొన్న గాలి వెలుపలికి పోతుండగానే ముక్కుతో కొత్త ఊపిరి పీల్చుకోవడం అతని విద్య. శ్రుతి క్షణకాలం కూడా తెగరాదు. తెగితే సన్నాయి విద్వాంసుని రాగానికి ఆధారం పోతుంది.

బుగ్గలు చేసే ఈ పనినే తోలుసంచి చేత చేయిస్తే అది తిత్తి అవుతుంది. తెలుగువారికి ఈ మాట కొత్తది కాదు. కమ్మరి కొలిమిలో నిప్పు రాజేసేది తిత్తి. వేదాంతులు ఈ దేహాన్నే తోలుతిత్తి అన్నారు. సంగీతంలో తిత్తి అంటే మేకతోలుతో కుట్టిన సంచి. దానికి గాలి ఊదడానికి ఒక గొట్టం, శ్రుతి పలకడానికి పీక అమర్చిన మరొక గొట్టం ఉంటాయి. వీథినాటకాలలోను, కూచిపూడి భాగవతుల ప్రదర్శనలలోను ఒకప్పుడు శ్రుతి పట్టింది ఈ తిత్తియే. అందులో పాట లేదు. పాటకు నేల మాత్రమే ఉంది.

ఆ నేలమీదనే పాటను కూడా నిలిపినవారు పడమటి సముద్రాల ఆవల ఉన్నారు. స్కాట్లండ్ దేశపు హైలాండ్ బ్యాగ్‌పైపులో తోలుసంచికి మూడు శ్రుతి గొట్టాలు, వేళ్లతో స్వరాలు పలికించే మరొక గొట్టం ఉంటాయి. ఆ గొట్టం పలికేవి తొమ్మిది స్వరాలే. వాటి వరుస మన హరికాంభోజికి దగ్గరగా ఉంటుంది. సంచిలో గాలి ఉన్నంతసేపు నాదం ఆగదు కనుక ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించడానికి నడుమ మెరుపులా మరొక స్వరాన్ని తాకించాలి. సన్నాయి వాదకుడు నాలుకతో చేసే పనిని ఆ వాదకుడు వేళ్లతో చేస్తాడు. ఐర్లండ్‌లోని ఇలియన్ పైపుల తీరు వేరు. వాటిని నోటితో ఊదరు. ఐరిష్ భాషలో ఆ పేరుకు మోచేయి అని అర్థం. మోచేతి కింద కట్టుకొన్న చిన్న కొలిమితిత్తిని నొక్కుతూ సంచిని నింపుతారు. కూర్చుండి వాయించే వాద్యం కాబట్టి గొట్టం చివరను తొడపై ఆన్చి నాదాన్ని క్షణకాలం ఆపవచ్చు.

ఈ వాద్యాలపై వినిపించే బాణీలలో ఎక్కువ భాగం నాట్యానికి పుట్టినవే. జిగ్ అనే బాణీ మూడేసి మాత్రల తిస్రనడకతో సాగుతుంది. రీల్ చతురశ్ర నడకలో పరుగెత్తుతుంది. పైపులు కొనలేని పేదవారికి, బాలురకు రేకు పిల్లనగ్రోవి దొరికింది. ఇంగ్లండ్‌లో రాబర్ట్ క్లార్క్ 1843లో దీని తయారీని ఆరంభించాడు. ఆరు రంధ్రాల ఆ చిన్న వాద్యానికి పెన్నీ విజిల్ అనే పేరు వచ్చింది. సంగీతం ఎన్నడూ ధనికుల సొత్తుగా మిగిలిపోలేదనడానికి ఇంతకన్న నిదర్శనం వెదకనక్కరలేదు.

ఆ బాణీలు దక్షిణ భారతదేశానికి రావడం ఒక విచిత్రమైన కథ. సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు యౌవనంలో మద్రాసు సమీపాన మణలిలో ఉన్నారు. సెయింట్ జార్జి కోటలో ఆంగ్లేయుల బ్యాండు వాయించే బాణీలు ఆ కుటుంబం చెవిని పడ్డాయి. దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. శంకరాభరణ స్వరాలలో, గమకాలు లేకుండా సాగే ఆ రచనలనే నోటుస్వర సాహిత్యాలు అంటారు. ఇవి నలభై వరకు ఉన్నాయి. మీనాక్షీదేవిని స్తుతించే ఒక రచన బాణీ ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతపు మాలో పట్టణం పేరిట వెలసిన ‘రేక్స్ ఆఫ్ మాలో’ అనే ఆటపాటది. మరొక రచన బాణీని పరిశోధకులు ‘లార్డ్ మెక్‌డొనాల్డ్స్ రీల్’ అనే స్కాటిష్ బాణీగా గుర్తించారు. విలాసపురుషుల చిందులకు పుట్టిన స్వరాలు ఇక్కడ అమ్మవారి స్తోత్రమయ్యాయి. బాణీకి జాతిమత భేదాలు తెలియవు కాబోలు!

దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు అదే కాలంలో ఐరోపా వాదకుని వద్ద వయొలిన్ నేర్చారు. ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెలలో పైపుల బాణీలనే పలికించే ఫిడేలు ఇక్కడ కర్ణాటక సంగీతంలో కలిసిపోయింది. 1919లో విజయనగర సంస్థానాధీశులు సంగీత కళాశాలను స్థాపించినపుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులయ్యారు. వయొలిన్ ఆచార్యులుగా వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1936లో ఆ పీఠాన్ని అలంకరించి, ఫిడేలు నాయుడుగా ప్రసిద్ధి పొందారు. రామతీర్థానికి ఇరుగుపొరుగున ఉన్న ఊరిలో పరదేశపు వాద్యం ఇంతటి గౌరవాన్ని అందుకొన్నది. మేకతోలు తిత్తి మాత్రం మెల్లగా మూలపడింది.

ఈ వ్యత్యాసానికి కారణం కొంతవరకు గ్రంథస్థీకరణంలో ఉంది. కార్క్ ప్రాంతంలో 1848లో జన్మించిన ఫ్రాన్సిస్ ఓనీల్ నావికుడుగా లోకం చుట్టి, చివరకు అమెరికాలో షికాగో నగర పోలీసు అధిపతి అయ్యాడు. తల్లిదండ్రుల ఊరిలో విన్న బాణీలు ఆయనను విడువలేదు. వలస వచ్చిన ఐరిష్ వాదకులను వెదకి పట్టుకొని వారి బాణీలను సేకరించాడు. ఆయనకు స్వరలిపి రాయడం రాదు. ఆయన వినిపించగా జేమ్స్ ఓనీల్ అనే మరొక పోలీసు ఉద్యోగి రాసేవాడు. 1903లో అచ్చయిన వారి గ్రంథంలో 1,850 బాణీలు ఉన్నాయి. సరిగా మరుసటి సంవత్సరం, 1904లో, ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని వెలువరించారు. గమకాలకు గుర్తులతో సహా కృతులను స్వరపరచిన ఆ మహాగ్రంథం లేకపోతే దీక్షితుల కృతులు ఎన్నో మనకు దక్కేవి కావు.

ఇద్దరిదీ ఒకే తపన. అయితే ఒక తేడాను గమనించాలి. సుబ్బరామ దీక్షితులు విద్వాంసుల రచనలను కాపాడారు. ఓనీల్ కూలీల, పోలీసుల, నావికుల నోట మిగిలిన బాణీలను కాపాడాడు. తిత్తి పట్టిన భాగవతునికి అటువంటి పోలీసు అధికారి దొరకలేదు.

పుస్తకం ఒక్కటే చాలదన్న సంగతి ఐరిష్ వారికీ అనుభవమే. 1968లో ఇలియన్ పైపుల వాదకులు ఒక సంఘంగా ఏర్పడేనాటికి ఆ వాద్యం తెలిసినవారు వందమంది కూడా లేరు. ఓనీల్ గ్రంథం అచ్చయి అప్పటికి ఆరు దశాబ్దాలు దాటింది. బాణీలు కాగితం మీద భద్రంగా ఉన్నాయి. పలికించే చేతులు లేవు. ఆ సంఘం వాద్యం వాయించడంతోపాటు పీకలు చెక్కడం, గొట్టాలు తొలచడం కూడా నేర్పింది. 2017లో యునెస్కో ఆ వాదనకళను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. స్కాట్లండ్‌లోనైతే పెద్ద బాణీలను గురువు నోటితో, కొన్ని నియతాక్షరాలతో పాడి వినిపించగా శిష్యుడు పట్టుకొనేవాడు. మన సరిగమల పాఠం, మృదంగపు జతులు ఎరిగినవారికి ఆ పద్ధతి ఆశ్చర్యం కలిగించదు.

సన్నాయి మేళంలోని ఒత్తు కూడా అటువంటి పాఠశాలయే. తరచు ఆ గొట్టాన్ని పట్టేది కొత్తగా చేరిన శిష్యుడు. కుదురుగా ఊపిరి నిలపడం నేర్చుకొంటూ, గురువుకు ఒక మూర దూరంలో కూర్చుండి అతడు ఏళ్ల తరబడి రాగాలు వింటాడు. ఏ సంగతి తరువాత ఏది వస్తుందో, ఆలాపనలో ఎక్కడ ఆగాలో అతనికి ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు. హార్మోనియం వచ్చి తిత్తిని తొలగించింది. తరువాత శ్రుతిపెట్టె, దాని వెనుక విద్యుత్తుతో పలికే చిన్న యంత్రం వచ్చి ఒత్తును కూడా తొలగించసాగాయి. యంత్రం శ్రుతి తప్పదు, అలసిపోదు, భోజనం అడగదు. శిష్యుడు కూర్చునే చోటు మాత్రం ఇప్పుడు ఖాళీగా ఉంది.