సబ్బు చేసి అమ్ముదామనుకుంటే ముందు నీళ్లు చూసుకోండి

అనంతపురం పల్లెల్లో శెనక్కాయ పంట చేతికి రాని ఏడు, పొదుపు సంఘాల ఆడవాళ్లు ఇంట్లోనే సబ్బు చేసి అమ్మే ఆలోచనకు వస్తుంటారు. మంచి ఆలోచనే. అయితే అందరూ నూనె గురించి అడుగుతారు, నీళ్ల గురించి అడగరు. ఇక్కడ సరుకును నిలబెట్టేదీ చెడగొట్టేదీ నీళ్లే.

మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిస్తే నురగ రాదు, బకెట్టు అంచున తెల్లటి తెట్టు కడుతుంది. తలస్నానం చేశాక జుట్టుకు అంటుకుని ఉండేది ఆ తెట్టే. నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడాను ఆ నీళ్లలోనే కరిగిస్తే ద్రావణం తెల్లగా మసకబారుతుంది. నీళ్లలో ఇనుము ఉంటే సబ్బు మీద కొన్నాళ్లకు నారింజ రంగు మచ్చలు లేచి, పాత నూనె వాసన కొడుతుంది. అందుకని డిస్టిల్డ్ వాటర్ కొనండి. బ్యాటరీ షాపులో కొంటే అది యాసిడ్ కాదని లేబుల్ చదివి తీసుకోండి.

ఇక కొలత. శెనక్కాయ నూనె ఒక్కటే వాడితే సబ్బు మెత్తగా ఉంటుంది, కాబట్టి 700 గ్రాములకు 300 గ్రాముల కొబ్బరి నూనె కలపండి. ఈ కిలో నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 150 గ్రాముల కాస్టిక్ కావాలి. మనం 142 గ్రాములే వేస్తాం. అప్పుడు కొంచెం నూనె మిగిలి చర్మానికి మెత్తదనాన్నిస్తుంది. గ్లాసులతో, గరిటెలతో కొలవకండి. గ్రాములు చూపే కాటా లేకుండా ఈ పని మొదలుపెట్టనే వద్దు, పది గ్రాముల కాస్టిక్ ఎక్కువైతే ఒళ్లు మండుతుంది.

330 గ్రాముల నీళ్లు స్టీలు గిన్నెలో పోసి, కాస్టిక్‌ను కొంచెం కొంచెంగా అందులో వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు మాత్రం ఎప్పుడూ పోయకూడదు, ఎగజిమ్ముతుంది. గిన్నె క్షణాల్లో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ఘాటు ఆవిరి లేస్తుంది. కళ్లద్దాలు, రబ్బరు గ్లోవ్స్ వేసుకుని, పిల్లలు తిరగని చోట ఆరుబయట చేయండి. అల్యూమినియం గిన్నె వద్దు, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. ద్రావణం గోరువెచ్చగా అయ్యాక నూనెలో పోసి చిక్కబడేదాకా కలిపి, అచ్చుల్లో పోయండి. గట్టిపడ్డాక కోసిన ముక్కలను నాలుగు నుంచి ఆరు వారాలు నీడలో గాలికి ఆరనివ్వాలి.

తలకైతే సబ్బు కన్నా కుంకుడుకాయే మేలు. అందులో నురగనిచ్చే సాపోనిన్లు కాల్షియంతో తెట్టు కట్టవు, కాబట్టి మన ఉప్పు నీళ్లలోనూ పనిచేస్తాయి. కానీ కుంకుడు రసం మన ఎండలకు ఇట్టే పులిసిపోతుంది. పొడి చేసి, తడి తగలకుండా కట్టి అమ్మండి. కలబంద జెల్, ఇంటి క్రీములు మొదట్లో ముట్టుకోవద్దనే నా సలహా. నీళ్లున్న సరుకులో బూజు కంటికి కనబడకముందే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటిని ఆపే మందులకు మోతాదుతో పాటు పులుపు స్థాయి (పీహెచ్) కూడా కుదరాలి. అలాంటి మందుల్లో ఒకటైన సోడియం బెంజోయేట్ పీహెచ్ 5 దాటితే సరిగా పనిచేయదు.

అమ్మకానికి దిగేముందు 2020 కాస్మెటిక్స్ నిబంధనల కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు తీసుకోవాలి. వేపనూనె సబ్బు చర్మరోగం తగ్గిస్తుందని డబ్బా మీద రాస్తే అది మందుల లెక్కలోకి పోతుంది, ఆ మాట రాయకండి. అనంతపురం జేఎన్‌టీయూలో నూనెల మీద పరిశోధన చేసే ఒక సంస్థ ఉంది. పరీక్షల సంగతి వెళ్లి అడగండి. తయారుచేసిన ప్రతిసారీ తేదీ, నూనె, కాస్టిక్ బరువులు పుస్తకంలో రాసి, ఒక ముక్క ఏడాదిపాటు పక్కన పెట్టండి. ఎవరైనా ఒళ్లు దురద పుట్టిందని వస్తే ముందు చూడాల్సింది ఆ ముక్కనే.