విరేచనాలు ఆగాక అసలు పని

కురుచికుప్పం,
పుదుచ్చేరి.

అమ్మలూ,

నీకు విరేచనాలు తగ్గాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పేగుల్లోని బ్యాక్టీరియాకు ఏదో పరీక్ష చేయించుకుని, రిపోర్టు చూసి బెంగ పెట్టుకున్నావనీ చెప్పింది. ఇది ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నాను.

విరేచనాలతో రోగం తెచ్చిన క్రిమి ఒక్కటే పోదమ్మా, మనకు మేలు చేసేవీ కొట్టుకుపోతాయి. పెద్దపేగులో ఫీకాలిబ్యాక్టీరియం అని ఒకటుంటుంది. అలాంటివి మనకు అరగని పీచునూ పిండినీ పులియబెట్టి బ్యుటిరేట్ తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన తిండి అదే. దాన్ని ఖర్చు చేసుకోవడానికి కణాలు ఆక్సిజన్ వాడేస్తాయి, పేగు లోపలికి పోనివ్వవు. ఆక్సిజన్ తగిలితే చచ్చే ఈ మంచి బ్యాక్టీరియాకు కావలసిందీ అదే. బ్యుటిరేట్ తగ్గిందా, ఆక్సిజన్ లోపలికి చేరుతుంది, ఈ.కోలై వంటివి పెరుగుతాయి. అందుకే ఈ మంచి బ్యాక్టీరియాను చూసి పేగు ఎంతవరకు కోలుకుందో అంచనా వేస్తున్నారు.

వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీవాళ్లు విరేచనాలతో వచ్చిన పిల్లల్లో ఇవి పడిపోయి, కోలుకున్నాక మళ్లీ పెరగడం చూశారు. కలరా నుంచి తేరుకున్న ఢాకా రోగుల మీద 2014లో వచ్చిన పరిశోధన ఇంకా ఆశ్చర్యకరం. పసిపిల్లల పేగుల్లో ఏ బ్యాక్టీరియా ముందు, ఏది తర్వాత స్థిరపడుతుందో, పెద్దవాళ్లైన ఆ రోగుల్లోనూ దాదాపు అదే వరసలో తిరిగొచ్చాయి. నీ రిపోర్టు ఆ వరస పూర్తికాకముందు తీసినది. దాన్నిబట్టి జబ్బు ఉందనుకోకు.

బ్యాక్టీరియా ఉండాల్సిన చోట కాక వేరేచోట పెరిగితే ఏమవుతుందో తెలియాలంటే, శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి నువ్వు తెలుసుకోవాలి. ఆయన భీమవరంలో పుట్టారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాతో పోయారు. తనకూ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కారు. ఆ జబ్బులో పెద్దపేగులో ఉండే రకం బ్యాక్టీరియా చిన్నపేగులో చేరి పెరుగుతుంది. తిన్నది ఒంటపట్టదు, ఫోలిక్ ఆమ్లం కరువవుతుంది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఆ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నదీ ఆయన నడిపిన ఆ పరిశోధనశాలలోనే. ఇప్పటికీ స్ప్రూకి ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి ఇస్తారు. తోడబుట్టినవాళ్లను తీసుకెళ్లిన జబ్బుకు ఇచ్చే ఒక మందూ, రెండోదాని జాతిలో మొదటిదీ ఆయన ప్రయోగశాల నుంచే వచ్చాయి! ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

స్ప్రూలో టెట్రాసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ ప్రాణదాత. కానీ మామూలు నీళ్ల విరేచనాలకు దాన్నే మందుల షాపులో అడిగి మింగితే, తిరిగి రావలసిన మంచి బ్యాక్టీరియానే చంపుతుంది.

వాటికి తిండి పెట్టు. ఓఆర్‌ఎస్‌లో అరగని పిండి కలిపిస్తే కలరా రోగుల విరేచనాలు త్వరగా తగ్గాయని వెల్లూరువాళ్లే 2000లో చూపించారు. ఆ పిండి పెద్దపేగు దాకా చేరి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. వండి చల్లార్చిన అన్నంలోనూ, అరటికాయలోనూ అలాంటి పిండి కొంత ఉంటుంది. ఇక్కడి జాలరి ఇళ్లలో తినే పళయ సాదమైనా, మన చద్దన్నమైనా ఒకటే. నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే పోసుకో, రాత్రంతా నానినది పొద్దున్నే తినెయ్యి.

మళ్లీ పరీక్షకు డబ్బు తగలెయ్యకు. ఆకలి పుట్టడం, బరువు నిలబడటం, విరేచనం కుదురుకోవడం గమనించు. రక్తం పడినా, జ్వరం వచ్చినా, చిక్కిపోతున్నా ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లు తల్లీ.

ఇట్లు,
తాతయ్య