రోడ్డు ఆయుర్దాయం

కొత్తగా తారు వేసిన రోడ్డు నల్లగా నిగనిగలాడుతుంది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి అక్కడక్కడ సన్నని పగుళ్లు కనిపిస్తాయి. వాటిలోంచి నీరు దిగి అడుగునున్న కంకర, మట్టి మెత్తబడతాయి. ఆ చోట లారీ చక్రం పడితే తారు పెళ్లలు లేచిపోతాయి. మరుసటి వానకు అక్కడ గుంట తయారు!

ఇది అందరూ చూసేదే. అయితే ఏ రోడ్డు ఎప్పటికి ఇలా అవుతుందో ముందుగా లెక్కకట్టవచ్చునా? ఇందుకోసం అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒట్టావా అనే ఊరి దగ్గర ఒక పెద్ద ప్రయోగం జరిగింది. పరీక్ష కోసమే ఆరు వలయాలుగా రోడ్లు వేశారు. కొన్ని భాగాలు తారువి, కొన్ని కాంక్రీటువి. కొన్ని మందం, కొన్ని పలుచన. ఒక వలయాన్ని వాహనాలు నడపకుండా ఎండకూ మంచుకూ వదిలేశారు. మిగిలిన ఐదింటి మీద 1958 నవంబరు నుంచి 1960 నవంబరు దాకా సైనికులు లారీలు తిప్పారు. ఏ ఊరూ చేరని ప్రయాణం అది! 11 లక్షలసార్లకు పైగా ఇరుసుల బరువు ఆ రోడ్ల మీద పడింది.

రోడ్డు ఎంత పాడయిందో చెప్పడమెలా? కొందరిని వేరే రోడ్ల మీద తిప్పి, 0 నుంచి 5 వరకు మార్కులు వేయమన్నారు. ఆ మార్కులను ఎగుడుదిగుళ్లు, పగుళ్లు, చక్రాల గాళ్ల కొలతలతో పోల్చి ఒక సూత్రం కట్టారు. ఆపైన కొలతలే మార్కులు చెప్పాయి.

తేలిన విషయం ఆశ్చర్యకరమైనది. ఇరుసు మీద బరువు రెట్టింపయితే నష్టం రెట్టింపు కాదు, దాదాపు 16 రెట్లు! 12 టన్నుల ఇరుసు ఒక్కసారి దాటితే, 8 టన్నుల ఇరుసు ఐదుసార్లు దాటినట్లే. 2000 తర్వాతి దశాబ్దంలో బళ్లారి ప్రాంతంలో ఇనుప ఖనిజపు లారీలు మితిమీరిన బరువుతో తిరిగి రోడ్లను ఛిద్రం చేయడం ఇందువల్లనే.

ఒట్టావా లెక్క ఉన్నదున్నట్లు మనకు సరిపోదు. అక్కడ మంచు కరిగే వసంతంలో రోడ్లు ఎక్కువగా చెడ్డాయి. మనకు శత్రువు వానకాలం. అందుకే ఇంజనీర్లు ఇక్కడి రోడ్లనే మళ్లీ మళ్లీ కొలుస్తారు. మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా చెడిపోవడం రోడ్ల స్వభావం. పది రోడ్లుండి మూడింటికే డబ్బుంటే, పూర్తిగా పాడయినదాన్నే ముందు ఎంచుకోరు. ఇప్పుడిప్పుడే పగులుతున్న రోడ్డుకు పలుచని తారు పూత చాలు. రెండేళ్లు ఆగితే దాన్ని అడుగునుంచి తవ్వి వేయవలసి రావచ్చు.