ఈసుడు రోగ నిర్ధారణ: టీకా గుర్తును, వ్యాధి గుర్తును వేరుచేసే ప్రయోగశాల పద్ధతులు

చూడి పశువు ఆరవ నెల దాటిన తరువాత ఈసుకుపోతే రైతుకు దూడ నష్టం, పాల నష్టం రెండూ కలుగుతాయి. మాయ పడకపోవడం, తిరిగి చూడి కట్టకపోవడం వంటి సమస్యలు తరువాత కూడా వెంటాడతాయి. ఇందుకు గల ముఖ్య కారణాలలో బ్రూసెల్లోసిస్ లేక ఈసుడు రోగం ఒకటి. దీనిని కలిగించే బ్రూసెల్లా అబార్టస్ అనే బాక్టీరియాను 1897లో డెన్మార్క్ శాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ బాంగ్ గుర్తించాడు. కాచని పాల ద్వారా, ఈసుకుపోయిన పిండాన్ని వట్టి చేతులతో తీయడం ద్వారా ఈ వ్యాధి మనుషులకు కూడా సోకుతుంది. అందువలన నిర్ధారణలో పొరపాటు జరిగితే పశువుతో పాటు కుటుంబం కూడా నష్టపోతుంది.

రక్తపరీక్ష: సామర్థ్యం, పరిమితి

మందలను జల్లెడ పట్టడానికి ఎక్కువగా వాడే పద్ధతి రోజ్ బెంగాల్ పరీక్ష. పశువు సీరం ఒక చుక్కను, రంగు వేసిన మృత బ్రూసెల్లా ప్రతిజనకం ఒక చుక్కను సమాన పరిమాణంలో కలిపి 4 నిమిషాలు మెల్లగా కదుపుతారు. ప్రతిరక్షకాలు ఉన్నట్లయితే మిశ్రమం గుచ్ఛాలుగా విడిపోతుంది. పరీక్ష చవకైనది, త్వరగా ముగుస్తుంది. సందేహాస్పద ఫలితాలను ఎలిసా వంటి పరీక్షతో సరిచూస్తారు.

అయితే ఈ పరీక్షలు చూపేది బాక్టీరియాను కాదు, బాక్టీరియా పట్ల శరీరం చూపిన ప్రతిస్పందనను. ఆ ప్రతిస్పందనలో అధిక భాగం బాక్టీరియా ఉపరితలంపై ఉండే లైపోపాలిశాకరైడ్‌లోని ఓ-గొలుసుపై జరుగుతుంది. పెయ్యదూడలకు వేసే ఎస్-19 టీకాలోని సజీవ బాక్టీరియాలోనూ అదే గొలుసు ఉంటుంది. కాబట్టి టీకా పొందిన పశువు, వ్యాధి సోకిన పశువు రెండూ రోజ్ బెంగాల్ పరీక్షలో ఒకే విధంగా కనిపించవచ్చు. యెర్సీనియా ఎంటెరోకొలిటికా ఓ-9 అనే మరొక బాక్టీరియా కూడా ఇటువంటి తప్పుడు పాజిటివ్ ఫలితాన్ని ఇవ్వగలదు. మరోవైపు, వ్యాధి తొలిదశలోనూ, ఈసుకుపోయిన వెంటనేనూ ప్రతిరక్షకాలు తగినంత లేక నెగిటివ్ ఫలితం రావచ్చు.

మరొక విషయం గమనించాలి. బ్రూసెల్లా భక్షక కణాల లోపల దాగి జీవిస్తుంది. దానిని అదుపు చేయడంలో టి-కణాలు, ఇంటర్‌ఫెరాన్ గామాలది ప్రధాన పాత్ర. అందుచేత ప్రతిరక్షకాల స్థాయి రక్షణకు కొలమానం కాదు.

జన్యు పరీక్ష: ఏ జన్యువును చూడాలి?

1923లో అమెరికాలో జాన్ బక్ ఒక జెర్సీ ఆవు పాల నుండి వేరుచేసిన బాక్టీరియా, ప్రయోగశాలలో నిల్వ ఉన్న కాలంలో తీవ్రతను కోల్పోయి ఎస్-19 టీకాకు మూలమైంది. తరువాతి జన్యు పరిశోధనలో దీని ఎరిత్రిటాల్ వినియోగ జన్యువుల ప్రాంతంలో 702 క్షారజతల భాగం లోపించినట్లు తేలింది. ఎరిత్రిటాల్ అనే చక్కెర ఆల్కహాలు చూడి పశువు మాయలో సమృద్ధిగా ఉంటుంది. క్షేత్రంలోని వ్యాధికారక బాక్టీరియా దానిని వాడుకొని పెరుగుతుంది. ఎస్-19 వాడుకోలేదు.

పి.సి.ఆర్. పద్ధతిలో ఈ లోపమే గుర్తింపు చిహ్నమవుతుంది. బ్రూస్-లాడర్ అనే బహుళ పి.సి.ఆర్.లో క్షేత్ర బ్రూసెల్లా అబార్టస్‌కు కనిపించే 587 క్షారజతల పట్టీ ఎస్-19కు కనిపించదు. కేవలం బ్రూసెల్లా ప్రజాతిని గుర్తించే సాధారణ పి.సి.ఆర్. మాత్రం రెండింటికీ పాజిటివ్ ఇస్తుంది. కనుక ఫలితంతో పాటు ఏ జన్యు భాగాన్ని పరీక్షించారో నివేదికలో పేర్కొనడం అవసరం.

ఆర్‌బి-51 టీకాలో సమస్యను వేరొక విధంగా పరిష్కరించారు. అందులో డబ్ల్యుబిఓఏ జన్యువు దెబ్బతిన్నందున ఓ-గొలుసు ఏర్పడదు. ఆ టీకా పొందిన పశువు రోజ్ బెంగాల్ పరీక్షలో పాజిటివ్‌గా కనిపించదు. కాని ఈ బాక్టీరియాకు రిఫాంపిసిన్‌ను తట్టుకునే గుణం ఉంది. మనుషుల చికిత్సలో అదే మందు వాడతారు గనుక టీకా వేసేవారికి సూది గుచ్చుకోకుండా జాగ్రత్త వహించాలి.

నమూనాల సేకరణ, ఫలితాల అన్వయం

బాక్టీరియా రక్తంలో అన్ని వేళలా ఉండదు. అందువలన పి.సి.ఆర్.కు, వర్ధనానికి పిండం కడుపులోని ద్రవం, ఊపిరితిత్తులు, మాయ, యోని స్రావం, పాలు అనువైన నమూనాలు. వీటిని చేతి తొడుగులు, ముఖకవచం ధరించి సేకరించి, మూడు పొరల్లో భద్రపరచి, మంచుపై పంపాలి. సజీవ బాక్టీరియా వర్ధనాన్ని మూడవ స్థాయి జీవభద్రత గల ప్రయోగశాలలోనే చేపట్టాలి.

2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం క్రింద 4–8 నెలల పెయ్యదూడలకు జీవితంలో ఒకేసారి టీకా వేస్తున్నారు. ఈ వయస్సులో వేస్తే ప్రతిరక్షకాలు చాలావరకు ఎదకు వచ్చేనాటికి తగ్గిపోతాయి. పెద్ద పశువులలో దీర్ఘకాలం నిలవవచ్చు. కాబట్టి చెవి పోగు సంఖ్య, టీకా తేదీ లేకుండా పంపిన సీరం ఫలితాన్ని అన్వయించడం కష్టం.

పాజిటివ్ వచ్చిన పశువును వెంటనే వేరుచేసి, టీకా చరిత్రను పరిశీలించి, 3–4 వారాల తరువాత సీరాన్ని తిరిగి పరీక్షించాలి. ఈసుకుపోయిన సందర్భంలో పిండం, మాయ నమూనాలపై టీకా బాక్టీరియాను వేరుచేయగల పి.సి.ఆర్. చేయించాలి. అందులో క్షేత్ర బాక్టీరియా కనిపిస్తే టీకా వేసి ఉన్నప్పటికీ వ్యాధి నిర్ధారణ అయినట్లే. కనిపించకపోయినంత మాత్రాన వ్యాధి లేదని భావించరాదు. తేలేవరకు పాలను మరిగించి మాత్రమే వాడాలి. పిండాన్ని, మాయను సున్నంతో లోతుగా పూడ్చాలి.